కంప్యూటరులో రెండవ వ్యవస్థకు చోటున్నదా?

దామరచర్ల నుండి ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాసినారు. ఆయన వ్యవసాయదారు. సాగర్ ఎడమ కాలువ క్రింద పండిన వడ్లను మిర్యాలగూడ మిల్లుకు తోలి, వచ్చిన సొమ్ములో కొంత వేరు చేసి, ఇంజనీరింగు కళాశాలలో చేరిన కుమార్తెకు కంప్యూటరు కొనదలచినారు. ఇంటిలో పాత యంత్రం ఒకటి ఉన్నది గాని, దానికి కాలం చెల్లిందని అంగడివారు చెప్పినారట. కొత్తది చూడబోయేసరికి అమ్మాయి, "నాన్నా, విండోస్‌తోపాటు లినక్స్ కూడా నడుస్తుందేమో అడిగి మరీ కొనండి" అన్నదట. దుకాణదారు మాత్రం, "ఒకటి ఉండగా రెండవది ఎందుకండీ, లేనిపోని తంటా" అని నవ్వినాడట. ఇద్దరిలో ఎవరి మాట వినవలెనో చెప్పమని ఆయన కోరిక.

ఒక పంట సొమ్ము వ్యవహారం గనుక నవ్వి ఊరుకొనే ప్రశ్న కాదు. పైగా ఈ ప్రశ్న కంప్యూటరు అమ్మకమంత పాతది. దాని చరిత్ర కొంత తెలిసినట్లయితే సమాధానం సులభమవుతుంది కనుక, ఆ చరిత్రనే ఈ ప్రసంగానికి విషయంగా తీసుకొన్నాము.

ముందుగా ఒక్క మాట. కంప్యూటరులోని లెక్కలు చేసే భాగానికి, జ్ఞాపకశక్తికి, డిస్కుకు, తెరకు, మీటల పలకకు పనులు పంచిపెట్టి, మనం కోరిన కార్యక్రమాలకు వాటిని అందుబాటులో ఉంచే మూల కార్యక్రమాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. మనం ఇక్కడ వ్యవస్థ అని క్లుప్తంగా చెప్పుకొందాము. విండోస్ అటువంటి వ్యవస్థ, లినక్స్ మరొకటి. ఒకే యంత్రంలో రెండింటినీ ఉంచి, మీట నొక్కి తెరచినప్పుడు ఏది కావాలో ఎన్నుకొనే ఏర్పాటు చేసుకోవచ్చు. అమ్మాయి అడిగినది దానినే.

రేడియో ఇళ్లవారికి ఇటువంటి సందేహం కొత్తది కాదు. 1950 దశకంలో రేడియో సెట్టు కొనబోయే గృహస్థు, మీడియం వేవ్‌తో సరిపెట్టుకోవలెనా, షార్ట్ వేవ్ కూడా ఉన్న ఖరీదైన సెట్టు కొనవలెనా అని తర్కించుకొనేవాడు. స్థానిక కేంద్రం వినడానికి మీడియం వేవ్ చాలు. కాని 1952 తరువాత ఆకాశవాణి సినిమా పాటలను బాగా తగ్గించివేసినది. మా సంస్థ చరిత్రలో అదొక అధ్యాయమని ఒప్పుకొనక తప్పదు. అప్పుడు షార్ట్ వేవ్ ఉన్నవారు కొలంబోకు ముల్లు త్రిప్పి రేడియో సిలోను విన్నారు. లేనివారు పొరుగింటి అరుగు మీద కూర్చున్నారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభమయ్యేవరకు అదే పరిస్థితి. సెట్టు కొన్ననాడు ఆ రెండవ బ్యాండు ఎందుకు పనికివస్తుందో కొన్నవారికి కూడా స్పష్టంగా తెలియదు.

ఇక కంప్యూటర్ల సంగతి. 1964 ఏప్రిల్‌లో అమెరికాలోని ఐబీఎం సంస్థ సిస్టం/360 అనే యంత్రాల కుటుంబాన్ని ప్రకటించినది. చిన్న యంత్రం మొదలు పెద్ద యంత్రం దాకా అన్నింటికీ ఒకే వ్యవస్థ సరిపోవలెనని వారి సంకల్పం. ఆ వ్యవస్థ తయారీ ఆలస్యమైనది. తయారైనది చిన్న యంత్రాలలో పట్టలేదు. కొన్నవారి ఒత్తిడికి తట్టుకోలేక, డాస్/360 అనే చిన్న వ్యవస్థను తాత్కాలికంగా అందించినారు. తాత్కాలికమన్నది శాశ్వతమైనది. పెద్ద యంత్రానికి మారదలచిన సంస్థలకు పాత లెక్కలు ఒక వ్యవస్థలో, కొత్త లెక్కలు మరొక వ్యవస్థలో చిక్కుకొన్నవి. ఆ చిక్కు విప్పుకొనడానికి 1972లో వీఎం/370 అనేది వచ్చినది. ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా భ్రమింపజేసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క వ్యవస్థను నడిపించడం దాని నేర్పు. రెండవ వ్యవస్థ అవసరం వినోదానికి పుట్టలేదు. ఇల్లు మారేవాడు పాత ఇంటి తాళం కొంతకాలం దగ్గర ఉంచుకొన్నట్లు పుట్టినది.

మన హైదరాబాదులో 1967లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈసీఐఎల్, టీడీసీ పేరుతో కంప్యూటర్లను తయారు చేసినది. ఆ రోజులలో యంత్రమూ, దానిని నడిపే వ్యవస్థా ఒకే చేతి నుండి వచ్చేవి. కొనేది పరిశోధనాలయమో ప్రభుత్వ శాఖో గనుక, గృహస్థుకు ఈ బెడద లేదు.

గృహస్థు రంగంలోకి వచ్చినది 1981లో. ఆ ఏడాది ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినప్పుడు, దానికి మూడు వ్యవస్థలు పేర్కొన్నది. ఒకటి మైక్రోసాఫ్ట్ సమకూర్చిన డాస్. రెండవది గేరీ కిల్డాల్ కంపెనీవారి సీపీ/ఎం-86. మూడవది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టిన పీ-సిస్టం. ఏది కావలెనో కొనేవాడే ఎన్నుకొని విడిగా డబ్బు చెల్లించవలెను. ఎంత న్యాయమైన ఏర్పాటు! అయితే డాస్ వెల 40 డాలర్లు. సీపీ/ఎం-86 వెల 240 డాలర్లు, అదీ కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చినది. గుణదోషాల చర్చ మొదలు కాకముందే వెల తీర్పు చెప్పివేసినది.

తరువాత పదేళ్లలో ఎన్నుకొనే అవకాశమే అంగడి నుండి తొలగిపోయినది. కంప్యూటరు తయారుచేసే కంపెనీలు, తాము అమ్మిన ప్రతి యంత్రానికీ, అందులో మైక్రోసాఫ్ట్ వ్యవస్థ ఉన్నా లేకున్నా, ఆ సంస్థకు రుసుము చెల్లించే విధంగా ఒప్పందాలు ఉండేవి. అట్లాంటప్పుడు వేరొక వ్యవస్థ పెట్టి అమ్మితే రెండు రుసుములు. ఏ వ్యాపారి చేస్తాడు? 1994లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన రాజీలో ఈ పద్ధతిని మానుకోవడానికి మైక్రోసాఫ్ట్ అంగీకరించినది. కాని అప్పటికి జనం కంప్యూటరంటే విండోసే అనుకొనే స్థితికి వచ్చినారు.

ఇక్కడ యంత్రం లోపలి సంగతి కొంచెం చెప్పవలె. వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలిసే చోటికి సమీపంలో విష్ణుపురం రైల్వే స్టేషను ఉన్నది. దామరచర్ల వారందరికీ తెలిసినదే. అక్కడ నడికుడి వైపు పోయే దారి ఒకటి, జాన్‌పహాడ్ వైపు పోయే దారి మరొకటి విడిపోతాయి. రైలు ఎటు పోవాలన్నది ఇంజనులో ఉన్న బలం చేత గాక, పట్టాలను కలిపే ఆ చిన్న కూడలి చేత నిర్ణయమవుతుంది. కంప్యూటరులో కూడా అటువంటి కూడలి ఉన్నది. పాత పద్ధతిలో డిస్కు మొట్టమొదటి గడిలో 512 బైట్లు మాత్రమే ఉండేవి. అందులో 446 బైట్లలో, ఏ వ్యవస్థను లేపవలెనో చెప్పే చిన్న కార్యక్రమం. 64 బైట్లలో డిస్కును నాలుగు భాగాలుగా పంచిన పట్టిక. మిగిలిన రెండూ ముద్ర. ఈ ఒక్క గడి ఎవరి స్వాధీనంలో ఉంటే యంత్రం వారి మాట వింటుంది. విండోస్‌ను స్థాపించినప్పుడల్లా అది ఈ గడిని తనదిగా వ్రాసుకొనేది. అందుచేత ముందు విండోస్, తరువాతనే లినక్స్ పెట్టుకోవలెనని అనుభవజ్ఞులు చెప్పేవారు. మేము ఆ వరుస తప్పించి, డిస్కు పంచేచోట తొందరపడి, కొన్నేళ్లు దాచుకొన్న కుటుంబ ఛాయాచిత్రాలను ఒక సాయంకాలంలో పోగొట్టుకొన్నాము. తప్పు మాదే; నకలు తీసి ఉంచుకోలేదు.

లినక్స్ పుట్టుకలోనే ఈ రెండు వ్యవస్థల కాపురం ఉన్నది. 1991 జనవరిలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఒక 386 యంత్రం కొన్నాడు. దానితో డాస్ వచ్చినది. ప్రొఫెసర్ టానెన్‌బామ్ విద్యార్థుల కోసం వ్రాసిన మినిక్స్ అనే వ్యవస్థను తెప్పించుకొని, దాని ప్రక్కనే స్థాపించుకొన్నాడు. విశ్వవిద్యాలయపు కంప్యూటరుకు ఫోనులో డయలు చేయబోయి ఒకనాడు పొరపాటున తన డిస్కుకే డయలు చేసి, మినిక్స్ ఉన్న భాగాన్ని పాడుచేసుకొన్నాడు. మళ్లీ మినిక్స్ స్థాపించడం మాని, తాను వ్రాస్తున్న కార్యక్రమాన్నే పూర్తి వ్యవస్థగా చేయడానికి అప్పుడు నిశ్చయించుకొన్నాడు. ఆ యంత్రంలో రెండవ వ్యవస్థకు చోటే లేకపోయినట్లయితే కథ ఎట్లా నడిచేదో!

చోటు ఉండి కూడా తలుపు మూసిన ఉదంతం ఒకటి జపానులో జరిగినది. 1998లో హిటాచీ సంస్థ ఫ్లోరా ప్రియస్ అనే కంప్యూటర్లను విడుదల చేసినది. వాటిలో విండోస్ 98తోపాటు బీఓఎస్ అనే మరొక వ్యవస్థ కూడా డిస్కులో స్థాపించి ఉన్నది. అయితే యంత్రం తెరచినవారికి దాని జాడ కనిపించదు. ఎన్నుకొనే పట్టిక లేదు, తెర మీద గుర్తు లేదు. దానిని లేపవలెనంటే ఒక ఫ్లాపీతో యంత్రాన్ని తెరచి, తయారీదారు చెప్పిన విధంగా దిద్దుబాటు చేసుకోవలెను. సొమ్ము పెట్టి కొన్నవాని డిస్కులోనే సరుకు మరుగున పడి ఉన్నదన్నమాట. కంప్యూటరు లేచే వరుసను మార్చరాదని తయారీదార్లతో మైక్రోసాఫ్ట్ చేసుకొన్న ఒప్పందాలే దీనికి కారణమని బీ సంస్థవారు ఆరోపించి 2002లో వ్యాజ్యం వేసినారు. తప్పు ఒప్పుకోకుండానే 2003లో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీపడినది. అప్పటికి బీ సంస్థ మూతపడినది.

ఈ విదేశీ వ్యాజ్యాలతో దామరచర్లకు ఏమి పని అని శ్రోతలు అడుగవచ్చు. పని ఉన్నది. మన అక్షరాలతో ఉన్నది.

1991లో యూనికోడ్ మొదటి సంచిక వెలువడినప్పుడే తెలుగుకు అందులో 128 గదులు కేటాయించినారు. గదులు ఇచ్చినంత మాత్రాన అక్షరం తెర మీదికి రాదు. గుణింతాలను, ఒత్తులను కలిపి తీర్చే విద్య వ్యవస్థకు తెలియవలెను. విండోస్‌లో ఆ విద్య 2001లో వచ్చిన ఎక్స్‌పీతో, గౌతమి అనే ఖతితో ప్రవేశించినది. అప్పుడు కూడా అది అడిగినవారికే. అమరికలలో ఒక గడిని గుర్తుపెట్టి, సీడీ అందించవలసి వచ్చేది. అంతకుముందు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క సంకేతం. ఒక అంగడిలో టైపు చేసిన పెండ్లిపత్రిక మరొక అంగడి తెర మీద చీమల బారుగా కనిపించేది.

ఆ కాలంలో యంత్రాన్ని తెలుగు చేయదలచినవారికి లినక్స్ ఒక చక్కని అవకాశం. దాని మూల పాఠం అందరికీ తెరచి ఉన్నది కనుక, ఎవరి అనుమతికీ కాచుకొనక మార్చుకొనవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఖతులను రూపొందించి ఉచితంగా ఇచ్చినారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వారు 2005లో అదే పేరుతో తెలుగు వ్యవస్థను విడుదల చేసినారు. మెనూలలో తెలుగు, ఫైళ్ల పేర్లలో తెలుగు. ఆనాడు ఒక పల్లెటూరి పాఠశాల ఉపాధ్యాయుడు విండోస్ యంత్రాన్ని అట్లాగే ఉంచి, ప్రక్కన ఇటువంటి వ్యవస్థను పెట్టుకొనగలిగితే, పిల్లలకు కంప్యూటరును తెలుగులోనే చూపించగలిగేవాడు. తరువాత మైక్రోసాఫ్ట్ కూడా తన వ్యవస్థకు తెలుగు తొడుగును ఉచితంగా ఇచ్చినది. ప్రక్కవారు దారి వేసినప్పుడు పెద్ద కంపెనీ కూడా ఆ దారిలో త్వరగా నడుస్తుందని మా అభిప్రాయం. పొరుగు రాష్ట్రమైన తమిళనాడు 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు పంచినప్పుడు, విండోస్‌తోపాటు సీడాక్ వారి బాస్ లినక్స్ కూడా ఒకే యంత్రంలో పెట్టించినది. కేరళ పాఠశాలలు లినక్స్‌తోనే చదువు చెప్పినవి.

అయితే ఎదుటి పక్షం మాట కూడా వినవలె. మన పట్టణాలలో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ అంగళ్లు అను ఖతులతో, పేజ్‌మేకరుతో పనిచేస్తూ వచ్చినవి. అవి విండోస్ సరుకు. ఆ పని చేసుకొనేవానికి లినక్స్ వలన ఒరిగేదేమీ లేదు. బ్యాంకు పనికి, పాఠాలు వినడానికి, సినిమా చూడడానికి ఏదైనా ఒకటి చాలు. పైగా రెండు వ్యవస్థలను వంతులవారీగా లేపడం విసుగు. ఒకదానిలో ఉన్నవాడు రెండవదానికి పోవలెనంటే యంత్రాన్ని ఆపి మళ్లీ తెరవవలె. 2016లో మైక్రోసాఫ్టే విండోస్ లోపల లినక్స్ కార్యక్రమాలు నడిపే ఏర్పాటు చేసినది. 2019లో నిజమైన లినక్స్ మూలాన్నే చేర్చుతున్నట్లు ప్రకటించినది. విద్యార్థుల అభ్యాసానికి చాలావరకు అది సరిపోతుంది. ఈ దారి పట్టేవారికి జ్ఞాపకశక్తి ముఖ్యం. 8 జీబీ ఇరుకు, 16 జీబీ ఉంటే ఊపిరి ఆడుతుంది. దుకాణదారు నవ్వులో ఈమాత్రం న్యాయం లేకపోలేదు.

కూడలి కూడా మారినది. 512 బైట్ల గడి స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి వచ్చినది. 2012లో విండోస్ 8తోపాటు సెక్యూర్ బూట్ అనే కాపలా ఏర్పడినది. ముద్ర ఉన్న వ్యవస్థనే యంత్రం లేపుతుంది. ఆ ముద్ర వేసే అధికారం ఆచరణలో మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్నది. దొంగ కార్యక్రమాలను అడ్డుకోవడానికి ఇది మంచిదే. విండోస్ 8 నాటి నిబంధన ప్రకారం సాధారణ ఇంటెల్ తరహా కంప్యూటర్లలో ఈ కాపలాను తీసివేసే మీట ఇవ్వడం తప్పనిసరి. 2015లో విండోస్ 10 వచ్చేసరికి, అది తయారీదారు ఇష్టానికి వదలినారు. ప్రముఖ లినక్స్ సంస్థలు మైక్రోసాఫ్ట్ ముద్ర వేయించుకొని ఈ గుమ్మం దాటుతున్నవి. అయినా 2024 ఆగస్టులో ఒక విండోస్ సవరణ తరువాత, రెండు వ్యవస్థలున్న కొన్ని యంత్రాలలో లినక్స్ లేవడం మానివేసినది. మైక్రోసాఫ్ట్ ఆ సంగతి ఒప్పుకొన్నది. ఆపిల్ కథ ఇంకొక రకం. 2006లో తన ఇంటెల్ యంత్రాలలో విండోస్ నడపడానికి బూట్ క్యాంప్ అనే సౌకర్యం తానే కల్పించినది. 2020లో సొంత ఎం1 చిప్పుకు మారగానే ఆ సౌకర్యం ఆ యంత్రాలకు లేకపోయినది. కొత్త యంత్రం పాతదానికన్నా వేగమైనది, ఒక వాకిలి తక్కువది.

ఇన్ని సంగతులలో దామరచర్ల ఇంటికి అన్నింటికన్నా ముఖ్యమైనది 2025 అక్టోబరు 14. ఆనాటితో విండోస్ 10కి మామూలు రక్షణ సవరణలు నిలిచిపోయినవి. ప్రత్యేకంగా నమోదు చేసుకొన్నవారికి మరొక ఏడాది గడువు ఇస్తామన్నారు. 2021లో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే రక్షణ భాగం కావలె. ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం లేక ఆపై చిప్పు కావలె. అంతకుముందు కొన్న యంత్రాలు చెక్కుచెదరకుండా ఉన్నా అధికారికంగా అర్హత లేనివి. మన శ్రోత ఇంటిలోని పాత యంత్రం బహుశా ఈ కోవలోనిదే. మీటలు పనిచేస్తున్నవి, తెర వెలుగుతున్నది. కాలం చెల్లినది వ్యవస్థకే. అటువంటి యంత్రంలో లినక్స్ పెట్టితే మరికొన్నేళ్లు నడుస్తుంది. కొన్ననాడు ఎవరూ అడగని రెండవ వ్యవస్థ ప్రశ్న, యంత్రం ముదిరిన తరువాత ఇట్లా ఎదురై నిలుస్తున్నది.

కనుక మా సమాధానం అమ్మాయి వైపే మొగ్గుతున్నది. రెండవ వ్యవస్థను ఆమె రోజూ వాడుతుందా అన్నది చిన్న విషయం. నేడు కొనే యంత్రం తన తయారీదారు ఇచ్చే మద్దతుకన్నా ఎక్కువ కాలం బ్రతకాలన్నది, పంట డబ్బు పెట్టే తండ్రికి పెద్ద విషయం. దాని కోసం అదనంగా చెల్లించవలసినది సాధారణంగా ఏమీ ఉండదు. అడిగి చూచి కొనడమే శ్రమ.

ఎట్లా చూడవలె? అమ్మాయి ఒక పెన్ డ్రైవ్‌లో లినక్స్‌ను ఎక్కించుకొని మిర్యాలగూడ దుకాణానికి తీసుకొని పోవచ్చు. డిస్కును తాకకుండా, ఆ పెన్ డ్రైవ్ నుండే యంత్రాన్ని లేపి చూడవచ్చు. వై-ఫై అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, మూత వేసి తీస్తే మేలుకొంటున్నదా, ఇవి పావుగంటలో తెలుస్తాయి. అన్నింటికన్నా వై-ఫై చిప్పు దగ్గరనే చిక్కులు ఎక్కువ. జ్ఞాపకశక్తిని, డిస్కును తరువాత పెంచుకొనే వీలున్నదో లేదో అడగవలె. పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించివేస్తున్నారు. ఏఆర్ఎం తరహా చిప్పు ఉన్న యంత్రమైతే లినక్స్ సంగతి మరింత జాగ్రత్తగా విచారించవలె. కొత్త విండోస్ యంత్రాలలో డిస్కు తాళం వేసి ఉండవచ్చు. దానిని బిట్‌లాకర్ అంటారు. రెండవ వ్యవస్థ కోసం అమరికలు మార్చినప్పుడు అది 48 అంకెల తాళపుచెవి అడుగుతుంది. ఆ అంకెలను ముందుగానే కాగితం మీద వ్రాసి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెట్టెలో ఉంచుకొనవలెనని మా మనవి. పరీక్షకు దుకాణదారు ఒప్పుకొనకపోతే పక్క దుకాణం ఉన్నది.

ఇంకొక సంగతి. పాత యంత్రాన్ని పారవేయవద్దని ఆ తండ్రికి వ్రాసినాము. అందులోని ఫోటోలు, కాగితాలు వేరొక చోట నకలు తీసి భద్రపరచిన తరువాత, అమ్మాయి మొదట దానిమీదనే లినక్స్‌ను స్థాపించి చూడవచ్చు. చెడిపోయినా నష్టం లేదు. బాగుపడితే తమ్మునికి పనికివస్తుంది. యాసంగి వడ్లు మిల్లు చేరి డబ్బు చేతికి వచ్చేలోగా, కొత్త యంత్రంలో తనకేమి కావలెనో ఆమెకే తెలిసివస్తుంది.